అయిదో బోర్డులో ఆఖరి వరుస

బోర్డులు రాసేవాడికి చదువెందుకు, చెయ్యి వణక్కుండా ఉంటే చాలని నన్ను బడి మాన్పించిన రోజే మా నాన్న తేల్చేశాడు. ఒకందుకు ఆయన అన్నది నిజమే. ఇన్నేళ్ళుగా నేను రాసినవాటిలో నా మాట ఒక్కటీ లేదు. మందుల షాపువాడు చెప్పింది రాశాను, బట్టల కొట్టువాడు చెప్పింది రాశాను. ఎన్నికలప్పుడు ఒకే గోడ మీద పొద్దున ఒకాయన్ని గెలిపించమని రాసి, సాయంత్రం దాని మీద సున్నం కొట్టి ఇంకొకాయన్ని గెలిపించమని రాశాను. రాసేదాని అర్థం పట్టించుకుంటే గీత వంకర పోతుంది. అక్షరాన్ని బొమ్మలా చూడాలి, అంతే. ఇప్పుడు ఆ పనీ పోయింది. ప్లాస్టిక్ గుడ్డ మీద మిషను అచ్చు గుద్ది అవతల పారేస్తోంది. మిషనుకి చెయ్యి వణకదు, టీ అడగదు.

అందుకే అడవిశాఖవాళ్ళ కొండ ఆఫీసు నుంచి కబురొచ్చినప్పుడు నేను కొంచెం పొంగిపోయాను. ప్లాస్టిక్ గుడ్డ కొండ మీద నిలవదట. తేమకి బూజు పట్టి, కోతులు చింపి, ఒక్క వానాకాలంలో పీలికలైపోయిందట. రేకు మీద ఎనామిల్ రంగుతో చేత్తో రాసేవాడు కావాలన్నారు. ఊళ్ళో అలాంటి పాత సరుకు నేనొక్కణ్ణే మిగిలాను.

కొండ మా ఊరి వెనకే ఉంది. కింద నడుము దాకా రబ్బరు తోటలు, దువ్వెనతో దువ్వినట్టు వరుసలు. వాటి పైనుంచి అసలు అడవి. ఆ అడవిలో నేల మీద ఎండ పడదు. చెట్ల వేళ్ళు గోడల్లా లేచి ఉంటాయి, వాటి వెనక మనిషి నిలబడితే కనపడడు. ఇంకా పైకి పోతే చెట్లు పొట్టివైపోతాయి. కొమ్మ కొమ్మకీ తడి నాచు వేలాడుతూ, పిండితే నీళ్ళు కారుతుంటాయి. ఆ పైన మబ్బు. ఏడాదిలో చాలా రోజులు కొండకి తల కనపడదు. మా ఊరి కుళాయిల్లో వచ్చేది ఆ మబ్బే.

చూడటానికొచ్చే జనానికి కొండ కథంతా చెప్పాలని, కాలిబాట పొడుగునా బోర్డులు పెట్టాలని ఆఫీసువాళ్ళు అనుకున్నారు. ఒకప్పుడు ఇది నిప్పులు కక్కిన కొండని ఒక బోర్డు. గోడల్లాంటి వేళ్ళ గురించి ఒకటి. పక్క చెట్టుని చుట్టుకుని, పీక నులిమి, దాని చోట తను నిలబడే మర్రిజాతి చెట్టు గురించి ఒకటి. పెద్ద ముక్కు పిట్ట పండ్లు మింగి, గింజల్ని అడవంతా ఎలా చల్లుతుందో ఒకటి. దారి సగంలో చదునైన చోటుంది, పనస చెట్లు ఉంటాయి. అక్కడ అయిదోది.

ఆ చదును మా మామయ్య పుట్టిన చోటు.

ఈ సంగతి ఊళ్ళో నేను ఎవరికీ చెప్పలేదు. మామయ్య, అంటే మా ఆవిడ నాన్న, కుర్రవాడుగా ఉన్నప్పుడు, అడవిని కాపాడాలని చెప్పి, ఆ చదునులో ఉన్న ఇళ్ళవాళ్ళందర్నీ కిందికి దింపారు. రబ్బరు గోదాము వెనక రేకుల ఇళ్ళు ఇచ్చారు. చాలా ఏళ్ళకి ఆ ఇళ్ళ తలుపుల మీద నంబర్లు వేయడానికి పోయినప్పుడే నేను మా ఆవిణ్ణి చూశాను. నంబరు వంకరగా ఉందని నాతో గొడవ పెట్టుకుంది. వంకర లేదు, తలుపే వంకర. ఆ గొడవే పెళ్ళిదాకా వచ్చింది. ఊళ్ళో వాళ్ళని కొండోళ్ళంటారు. ఆ మాటని మామూలుగా అనరు, నవ్వుతూ అంటారు. మీ ఆవిడ వాళ్ళదెక్కడ అని ఎవరైనా అడిగితే, "అటువైపు" అని చెయ్యి గాల్లో ఊపేవాణ్ణి. చెయ్యి ఊపడంలో నన్ను మించినవాడు లేడు.

అత్తయ్య పోయాక మామయ్య మా ఇంట్లోనే ఉంటున్నాడు. నేను బోర్డుల పని ఒప్పుకున్న రోజు అన్నం దగ్గర అడిగాడు.

"అల్లుడూ, కొండ మీద రాస్తున్నావంట."

"అవును మామయ్యా."

"మా పనసల దగ్గర కూడానా?"

"అక్కడా ఒకటుంది."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. చేతిలో అన్నం ఉండగా చెప్పదగ్గ మాట కాదని కాబోలు.

"అక్కడ ఒక్క మాట రాసిపెట్టు. 'ఇక్కడ మా ఇళ్ళుండేవి. ఈ పనసలు మేం పెట్టినవే. తిన్నవాళ్ళు గింజ ఇక్కడే వదలండి.' అంతే. ఎక్కువొద్దు."

"గింజ సంగతి ఎందుకు నాన్నా?" అంది మా ఆవిడ.

"ఎందుకేంటే? మేం అట్లాగే చేసేవాళ్ళం. ఎక్కడ తింటే అక్కడే మడమతో గుంట చేసి గింజ పాతిపెట్టి లేచేవాళ్ళం. లేకపోతే అంత పైన పనసేది? దానికది నడుచుకుంటూ ఎక్కుతుందా?"

మా అమ్మాయి పక్కన హోమ్‌వర్కు చేసుకుంటూ, ఆ మూడు మాటల్నీ పెదాలు కదిపి వల్లించుకుంది. చిన్నప్పటి నుంచీ దానికి తాత చెప్పేవన్నీ కంఠతా పట్టడం అలవాటు. నేను మాత్రం "చూద్దాం మామయ్యా" అన్నాను. ఆయనకి ఆ మాట చాలు. నేను రాసేవాణ్ణి కాబట్టి ఏం రాయాలో కూడా నా చేతిలోనే ఉంటుందని ఆయన నమ్మకం.

ఆఫీసులో బోర్డుల పని చూసేది చెట్ల డాక్టరమ్మ. చెట్ల మీద పెద్ద చదువులు చదివిందని ఊళ్ళో ఆమెకా పేరు. చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే నాకు కొంత సుఖంగా ఉండేది. అయిదో బోర్డు మాటలు ఇంకా తేలలేదని, బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని నన్నే అడిగింది.

"మీరు ఇక్కడివారే కదండీ. ఆ చదునులో పనసలు వరుసగా ఉన్నాయి. అంత ఎత్తులో పనస తనంతట తను రాదు. ఎప్పుడైనా అక్కడ మనుషులుండేవారా? పాత కాగితాల్లో వెతికాను, ఏమీ దొరకలేదు."

నేను నోరు తెరిచేలోపే గుమాస్తా అందుకున్నాడు. "కొండోళ్ళుండేవాళ్ళంటారు మేడమ్. వాళ్ళుంటే చెట్లు మిగులుతాయా? వాళ్ళకీ కోతులకీ పెద్ద తేడా లేదు."

డ్రైవరు నవ్వాడు. టీ తెచ్చినవాడు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాలని అనుకోలేదు. నోరు దానంతటదే సాగింది, అద్దం ఉంటే చూసుకునేవాణ్ణి. ఆమె మాత్రం నవ్వలేదు. గుమాస్తా వైపు చూడకుండా నా వైపే చూస్తూ, "మీకు తెలిస్తే చెప్పండి, రాసేద్దాం" అంది.

రాసేద్దాం అంది. ఆ మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. ఒక్క వాక్యం చాలు. మా మామయ్యది అక్కడే మేడమ్, పిలుచుకొస్తాను, ఆయన్నే అడగండి అంటే అయిపోయేది. కానీ గుమాస్తా నా మొహంలోకి చూస్తున్నాడు.

"ఎవరూ లేరు మేడమ్," అన్నాను. "ఒట్టి అడవి. కోతులు తిని పారేసిన గింజలు మొలిచుంటాయి."

ఆమె కాసేపు పెన్సిలు చివర కొరుక్కుని, సరేనని రాసుకుంది. అంతవరకూ నేను ఆఫీసులో అన్న మాట ఒక్కటీ ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఇది పెట్టారు.

అయిదో బోర్డు నేనే రాశాను. రేకుకి ఎర్ర పూత వేసి, దాని మీద ఆకుపచ్చ కొట్టి, సుద్ద పూసిన దారం లాగి వదిలి వరుసలు గీసుకుని, తెల్ల రంగుతో రాశాను. 'ఈ పనస చెట్లు కోతులు, పక్షులు వదిలిన గింజల నుండి మొలిచినవి. ఈ అడవిపై మనిషి చెయ్యి పడలేదు.' అన్ని బోర్డుల కిందా ఉండే వరుస దీని కిందా ఉంది. 'ఇక్కడ చెత్త వేయరాదు. వేసినవారు శిక్షార్హులు.' నేను రాసిన బోర్డుల్లో అంత నీటైనది ఇంకోటి లేదు. అర్థం పట్టించుకోకుండా రాశాను కదా.

బోర్డు నిలబెట్టిన మర్నాడు మామయ్య కర్ర పట్టుకుని, నన్ను వెంటేసుకుని పైకెక్కాడు. దారిలో జలగలు పడితే వేలితో మీటి పారేస్తూ, ఫలానా వాగు ఇదివరకు ఇటు పారేదని, ఫలానా చెట్టు అప్పుడు తన మోకాలంత ఉండేదని చెబుతూనే ఉన్నాడు. నేను ఊఁ కొడుతూ నడిచాను. బోర్డు ముందు నిలబడి కింది నుంచి పైదాకా, మళ్ళీ పైనుంచి కిందిదాకా చూశాడు. చదువు రాని మనిషి చూపు వరుసల మీద పోదు, గోడని చూసినట్టు మొత్తం చూస్తుంది.

"మన మాట ఏదీ?"

రాయలేదని చెప్పడానికి దారి పొడుగునా సాధన చేశాను. వాళ్ళు ఒప్పుకోలేదని ఒక అబద్ధం కూడా సిద్ధంగా ఉంది. కానీ ఆయన కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. ఆఖరి వరుస మీద వేలు పెట్టాను.

"ఇదీ."

ఆయన భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత చూపుడు వేలితో ఆ వరుసని మొదటి నుంచి చివరిదాకా తడిమాడు. ఎనామిల్ కాస్త ఉబ్బెత్తుగా ఆరుతుంది, వేలికి తగులుతుంది.

"పొడుగ్గానే రాశావు," అన్నాడు.

అప్పటి నుంచి వాన లేని ప్రతి పొద్దూ ఆయన అక్కడికి పోయేవాడు. చూడటానికొచ్చినవాళ్ళకి ఆయన బోర్డు తాత అయిపోయాడు. ఎవరొచ్చినా పిలిచి, కర్ర చివరతో ఆఖరి వరుస చూపించి, "ఇది చదవండి బాబూ" అనేవాడు. వాళ్ళు చదివేవాళ్ళు, ఆయన వైపు చూసి తలూపేవాళ్ళు. చెత్త వేయొద్దని చెప్పడానికి ఆఫీసువాళ్ళు పెట్టిన పెద్దాయన అనుకునేవాళ్ళు. కొందరు వంగి పక్కనెవరో పారేసిన కవరు కూడా ఏరుకుని పోయేవాళ్ళు.

మామయ్య ఇంటికొచ్చి చెప్పేవాడు. "చదువుకున్నవాళ్ళంటే ఏమో అనుకున్నాను గానీ, ఎంత మర్యాదే అమ్మాయ్. మన మాట చదివాక చేతిలో చిత్తు కాగితం కూడా కింద పడేయరు. చెట్టు మొదట్లో ఉమ్మబోయినవాడు కూడా ఆగిపోయాడు."

మా ఆవిడ మురిసిపోయేది. "చూశావా, నీ రాత ఎంత పని చేస్తోందో," అని నాకు ఇంకో గరిటె వడ్డించేది. నేను తలొంచుకుని తినేవాణ్ణి. నా సిగ్గుకి ఆకలి తగ్గలేదు, ఆ సంగతి కూడా చెప్పుకోవాలి.

పనస పండిన రోజుల్లో ఆయన కత్తి తీసుకుపోయి, రాలిన పండు కోసి, వచ్చినవాళ్ళకి తొనలు పెట్టేవాడు. ఒకరోజు వచ్చి నా రంగు డబ్బాల పక్కన కూర్చున్నాడు.

"అల్లుడూ, ఒకటడుగుతాను. గింజ ఇక్కడే వదలమని రాశాం కదా. తొన తింటారు, వరుస చదువుతారు, గింజేమో జాగ్రత్తగా మూటగట్టి సంచిలో వేసుకుని పోతారు. అందరూ అంతే. ఎందుకంటావ్?"

కుంచె టర్పెంటైనులో ముంచి, శుభ్రంగా ఉన్నదాన్నే మళ్ళీ కడిగాను.

"ఇంటికి తీసుకుపోయి నాటుకుంటారేమో మామయ్యా."

ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

"అయితే మన పనసలు ఊళ్ళు తిరుగుతున్నాయన్నమాట," అన్నాడు. "మేలే కదా. మేలే."

వానాకాలం తిరిగాక ఆఫీసు నుంచి పిలిచారు. బోర్డులన్నిటి మీదా నాచు ఎక్కింది, కడిగి రంగు దిద్దాలి. ఆ కొండ మీద ఏది ఆగినా దాని మీద ఇంకోటి మొలుస్తుంది. రాయి మీద నాచు, నాచు మీద మొక్క, మొక్క మీద పురుగు. నిప్పుల కొండ గురించి రాసిన బోర్డు మీద తెల్లటి బూజు మచ్చలు పువ్వుల్లా పూశాయి. పెద్ద ముక్కు పిట్ట బోర్డులో సగం అక్షరాలు పోయాయి. అయిదోది మాత్రం నిన్న రాసినట్టుంది. మామయ్య దాన్ని పోయినప్పుడల్లా తువ్వాలుతో తుడిచాడు. అది తెలియక చెట్ల డాక్టరమ్మ నన్ను మెచ్చుకుంది. "ఆ ఒక్కదానికి ఏం రంగు వాడారండీ?" అంది. అదే రంగు మేడమ్ అన్నాను. నమ్మలేదు.

నేను నాలుగో బోర్డు దగ్గర నాచు గీకుతున్న రోజు, మా అమ్మాయి బడి పిల్లలు కొండ చూడటానికొచ్చారు. ఇంట్లో చెప్పే ఉంటుంది, నేను వినలేదు. టీచరు వెనక వరుసగా నన్ను దాటుకుని పోయారు. నేను గోడలాంటి వేరు వెనక్కి జరిగాను. నా కూతురు నన్ను చూసి సిగ్గుపడుతుందనా, నేనే సిగ్గుపడ్డానా, ఇప్పటికీ తెలియదు. అక్కడి నుంచి చదును కనపడుతూనే ఉంది.

మామయ్య మనవరాల్ని చూసి సంబరపడిపోయాడు. "మా పాపే," అని టీచరుకి చెప్పాడు. తర్వాత కర్రతో ఆఖరి వరుస చూపించాడు. "మన మాట నువ్వు చదవవే. గట్టిగా. అందరూ వినాలి."

అది బోర్డు చూసింది. ఒక్కసారి చూస్తే చాలు దానికి. పైనున్నది చదివింది, కిందది చదివింది. మెడ దగ్గర ఎర్రబడటం అంత దూరం నుంచీ నాకు కనపడింది. పిల్లలందరూ అదే బోర్డు చూస్తున్నారు, అందరికీ చదువొచ్చు.

"ఇక్కడ మా ఇళ్ళుండేవి," అంది మా అమ్మాయి. వేలు ఆ వరుస కింద నడుపుతూ అంది. "ఈ పనసలు మేం పెట్టినవే. తిన్నవాళ్ళు గింజ ఇక్కడే వదలండి."

ఒకమ్మాయి కిసుక్కుమంది. "అలా లేదు కదే," అన్నాడొక పిల్లాడు. వెనక నుంచి ఎవడో "కొండోళ్ళు అలాగే చదువుతార్రా" అన్నాడు. టీచరు నోరు తెరిచి, మామయ్య మొహం చూసి, మూసేసింది. మామయ్యకి ఇవేవీ వినపడలేదు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, రెండోసారి చదవమన్నాడు. అది రెండోసారీ చదివింది, తప్పు లేకుండా.

వెనక్కి పోతూ అది నన్ను చూసింది. వేరు వెనక నా మోకాళ్ళు, గీకుడు కత్తి కనపడుతున్నాయి కాబోలు. ఆగలేదు.

సాయంత్రం ఇంట్లో దాని పక్కన కూర్చుని, "ఎందుకలా చదివావ్?" అన్నాను.

"నువ్వు రాయలేదుగా నాన్నా," అంది పుస్తకం నుంచి తల ఎత్తకుండా. "ఎవరో ఒకరు చదవాలిగా."

మా ఇంట్లో చదువొచ్చినవాళ్ళం ఇద్దరమే. రాయాల్సినవాణ్ణి నేను రాయలేదు, చదవాల్సింది అది ఉన్నది ఉన్నట్టు చదవలేదు. దానికి ఆ అవసరం తెచ్చిపెట్టింది నేను. బడి మాన్పించినందుకు మా నాన్నని జీవితమంతా తిట్టుకున్నాను. ఆయన నా చేత అబద్ధమైతే చదివించలేదు.

మామయ్యకి పడిశం పట్టి రెండు మూడు రోజులు పైకి పోలేదు. అదే అదను అనుకున్నాను. రంగులు దిద్దే పని మీద ఉన్నాను కాబట్టి అడిగేవాళ్ళు లేరు. అయిదో బోర్డు ఆఖరి వరుసని గీకి, ఆకుపచ్చ కొట్టి, ఆరేదాకా దాని కిందే కూర్చున్నాను. ఆ తడిలో రంగు ఆరడం అంటే మాటలు కాదు. మబ్బు చెట్ల మధ్య నుంచి నడిచొచ్చి, బోర్డుని తాకి, పోయింది. అప్పుడు రాశాను. మా అమ్మాయి చదివింది చదివినట్టు రాశాను. మాటలు ఎక్కువై రెండు వరుసలు పట్టాయి, సన్న కుంచె వాడాల్సొచ్చింది. మొదటిసారి ఏం రాస్తున్నానో తెలుస్తూ రాశాను. గీతలు కొంచెం వంకర పోయాయి.

పైనున్న కోతుల మాట, మనిషి చెయ్యి మాట ముట్టుకోలేదు. అవి డాక్టరమ్మవని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరిచ్చిన సమాచారమో మర్చిపోయినట్టు.

అంతా సర్దుకుంటుందని అనుకున్నాను. అబద్ధం మీద నిజం రాసేస్తే కిందది కనపడదనుకున్నాను. గోడల మీద జీవితమంతా అదే చేశాను కదా. మామయ్యకి ఏమీ తెలియక్కర్లేదు. ఆయనకి అన్ని అక్షరాలూ ఒకటే.

పడిశం తగ్గి ఆయన పైకెక్కిన రోజు నేను కూడా వెంట పోయాను. ఎందుకంటే ఏం చెప్పను, చూడాలనిపించింది. ఆయన తువ్వాలు తీసి, అలవాటుగా పైనుంచి తుడుచుకుంటూ వచ్చాడు. ఆఖరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. వేలు పెట్టి తడిమాడు. మళ్ళీ మొదటికొచ్చి తడిమాడు.

"అల్లుడూ. ఎవరో మన మాట చెరిపేశారు."

"లేదు మామయ్యా, అదే. రంగు దిద్దాను, అంతే."

"అదెట్లా అదే? మొదటి ముక్క అదే. తర్వాతంతా వేరు. ఇంత సన్నగా లేదు. రెండు వరుసలు లేవు. నీకు తెలియకుండా ఎవడో వచ్చి మార్చేశాడు." కర్రతో కిందికి, ఆఫీసు వైపు చూపించాడు. "ఆ గుమాస్తాగాడేమో. వాడికి మనమంటే పడదు. నువ్వు పాతది మళ్ళీ రాసెయ్. నాకు గుర్తుంది, చూడు."

కర్ర చివరతో తడి మట్టిలో గీయడం మొదలుపెట్టాడు. కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, వరుస లేకుండా గీశాడు, చెరిపి సరిచేశాడు. గుండ్రం, దాని కింద తోక, పక్కన కొమ్ము. అక్షరాన్ని ఆయన బొమ్మలా చూశాడు, నేను మా నాన్న దగ్గర నేర్చుకున్నట్టే. మెల్లగా అది నేల మీద లేచింది. చెత్త వేయరాదు. తన ఇల్లున్న చోట, తన చేత్తో, ఒక్కో గీతా ప్రేమగా.

"ఇదీ మన మాట," అన్నాడు. "ఇట్లా రాయి."

ఆయన పక్కనే మట్టిలో కూర్చున్నాను.

"అది మన మాట కాదు మామయ్యా. ఇప్పుడు బోర్డు మీద ఉన్నదే మన మాట. మొన్న రాశాను."

"మరి ఇదేంటి?"

చెప్పాను. మట్టి మీదున్నది చదివి వినిపించాను. మిగతా సగం కూడా, శిక్ష సంగతి కూడా చెప్పాను.

ఆయన తను గీసినదాన్నే చూశాడు. కోప్పడతాడేమోనని చూశాను. కోప్పడితే బాగుండేదని చూశాను.

"అందరూ తలూపారే," అన్నాడు చివరికి.

"చెత్త వేయంలే అని తలూపారు."

"గింజలు నాటుకోడానికి కాదన్నమాట తీసుకుపోయింది."

నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన కర్ర మీద బరువేసి లేచాడు. కొత్త వరుసల మీద వేలు పెట్టి, "దీని మీద నేను చెప్పిందే ఉందంటావ్," అన్నాడు.

"ఒట్టు మామయ్యా."

"అప్పుడూ అదే అన్నావ్." ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నాడు. "పాపని పిలుద్దామంటే, అదీ ఇక్కడే నిలబడి లేనిది చదివింది. రెండుసార్లు."

ఆయనకి చదివిపెట్టడానికి ఇంట్లో ఇక మనిషి లేదు.

కింది నుంచి ఒకావిడ వస్తోంది, చంటిపిల్లని వీపుకి కట్టుకుని. ఎవరో తెలియదు. మామయ్య ఆవిణ్ణి పిలిచాడు. ఎప్పటిలా కర్రతో చూపించలేదు, చేతులు కట్టుకుని అడిగాడు.

"అమ్మా, ఈ ఆఖరున ఏముందో కొంచెం చదివిపెడతావా?"

ఆవిడ దగ్గరికొచ్చి, రొప్పు తీర్చుకుని చదివింది. "ఇక్కడ మా ఇళ్ళుండేవి. ఈ పనసలు మేం పెట్టినవే. తిన్నవాళ్ళు గింజ ఇక్కడే వదలండి." పరీక్షలో నా జవాబు ఇంకెవరో దిద్దుతున్నట్టు నేను విన్నాను. మామయ్య మొహంలో ఒక్క క్షణం వెలుగొచ్చింది. నా వైపు తిరగబోయాడు కూడా.

కానీ ఆవిడ ఆగలేదు. చదువొచ్చినవాళ్ళు ఒక వరుసతో ఆగరు. పైది కూడా చదివింది, అదీ గట్టిగానే. తర్వాత నుదురు చిట్లించి మామయ్యని అడిగింది.

"ఇదేంటి తాతా, పైనేమో ఈ పనసలు కోతులు పారేసిన గింజలని ఉంది. మనిషి చెయ్యే పడలేదని ఉంది. కిందేమో ఇళ్ళున్నాయని, మేమే పెట్టామని ఉంది. ఏది నిజం?"

ఆ పై వరుసలని ఆయన ఇన్నాళ్ళూ తువ్వాలుతో తుడిచాడు. వాటిలో ఏముందో ఎన్నడూ అడగలేదు. అడగాలని తట్టలేదు, తన మాట ఉన్న బోర్డే కదా. ఇప్పుడు ఒకసారి పైకి చూశాడు, ఒకసారి మట్టిలో తను గీసిన అక్షరాల వైపు చూశాడు. వాటిని చెరపకుండా, తొక్కకుండా, చుట్టూ తిరిగి బాట మీదికి వచ్చాడు.

"నాకు చదువు రాదమ్మా," అన్నాడు. "రాసినాయన ఇక్కడే ఉన్నాడు. అడుగు."

కర్ర ఊతంగా కిందికి దిగిపోయాడు. ఆవిడ నా వైపు తిరిగింది.